పానా ధర, బోల్టు ధర

సింగపూర్‌లో పానా కొనేవాడికి అది ఏ దేశంలో తయారైందన్న ప్రశ్నతో పెద్దగా పని పడదు. ఊరంతటా దొరికే సుత్తులు, కటింగ్ ప్లేయర్లు, స్క్రూడ్రైవర్లు దాదాపు అన్నీ ఓడ దిగి వచ్చినవే. జర్మనీ వూపర్టాల్ సరుకు, జపాన్ నీగాటా ప్రాంతంలోని సాంజో సరుకు, తైవాన్ తైచుంగ్ సరుకు, చైనా సరుకు, మన జలంధర్, లూధియానాల సరుకు ఒకే గోడకు పక్కపక్కనే వేలాడుతుంటాయి. 1819లో బ్రిటిష్ అధికారి రాఫెల్స్ రేవు తెరిచిన నాటి నుంచే అది సుంకాలు లేని రేవు. మద్యం, పొగాకు, మోటారు వాహనాలు, పెట్రోలియం ఉత్పత్తులు తప్ప ఈనాటికీ దిగుమతుల మీద సుంకం లేదు. ఉన్నదల్లా జీఎస్టీ. 2024 జనవరి 1 నుంచి అది 9 శాతం. జర్మన్ పానాకూ అంతే, చైనా పానాకూ అంతే. విమానంలోనో పోస్టులోనో ఆన్‌లైన్‌లో తెప్పించుకునే 400 సింగపూర్ డాలర్ల లోపు వస్తువులకు 2022 దాకా ఆ పన్ను ఉండేది కాదు. 2023 జనవరి నుంచి వాటికీ వర్తింపజేశారు. అంటే ప్రభుత్వం ఏ దేశపు సరుకునూ ఎత్తి పట్టదు, ఏ దేశపు సరుకునూ తొక్కి పెట్టదు.

పనిముట్లు కొనే విషయంలో ఆ ఊరి నుంచి మనం నేర్చుకోదగ్గది ఒకటుందని నా గట్టి నమ్మకం. మన దగ్గర విదేశీ పనిముట్టు చేతికి రాకముందే దాని మీద తీర్పు అయిపోతుంది. చైనాదంటే మూణ్ణాళ్ళ ముచ్చట అని పెదవి విరుస్తాం. జర్మనీదంటే, జపాన్‌దంటే కళ్ళకద్దుకుంటాం. ఈ తీర్పులు కాలంతో పాటు ఎలా తారుమారయ్యాయో చూడండి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చాలా ఏళ్ళు జపాన్ సరుకంటేనే చౌకబారు అన్న పేరుండేది. ఆ చెడ్డపేరు తర్వాత తైవాన్ నెత్తికెక్కింది, ఆ తర్వాత చైనాకు చుట్టుకుంది. ఇప్పుడు పేరుమోసిన పాశ్చాత్య బ్రాండ్ల పానాలు ఎన్నో తైవాన్‌లోనో చైనాలోనో పోత పోసుకుని, సాగగొట్టుకుని వస్తున్నాయి. ఇంకా వెనక్కి వెళ్తే, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొలుముల దగ్గర కాచుకుని ఉండేవారు. అప్పుడు కళ్ళకద్దుకున్న దిగుమతి సరుకు మనది.

నీతి ఆయోగ్ 2025 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఎగుమతయ్యే చేతి పనిముట్లలో దాదాపు సగం చైనావే. మన వాటా రెండు శాతం కూడా లేదు. ఆ రెండు శాతం లోపు సరుకే సింగపూర్ అరల్లోనూ కనిపిస్తుంది. జలంధర్ పానా మనకు స్వదేశీ సరుకు. సింగపూర్ కొట్లో అది తక్కువ ధర దిగుమతి సరుకుల్లో ఒకటి. ఇనుము అదే, చేసిన చేతులు అవే. అక్కడి కొనుగోలుదారుడు దాన్ని చూసే చూపు మాత్రం వేరు, ఎందుకంటే అతనికి అభిమానంగా చెప్పుకోవడానికి స్వదేశీ పానా అన్నది లేదు. ఈ పనికి ఇది సరిపోతుందా, రేపు విరిగితే ఎవరిని అడగాలి అన్న రెండు ప్రశ్నలే అతనికి మిగులుతాయి.

సెరంగూన్ రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్ళే తెలుగు కుటుంబాలకు ఆ చుట్టుపక్కల వీధులన్నీ పరిచయమే. దర్శనం చేసుకుని సయ్యద్ ఆల్వీ రోడ్డులోని ముస్తఫా సెంటర్‌లో సరుకులు కొనుక్కుని ఇంటికి తిరిగేస్తారు. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే జలాన్ బెసార్. ఆ రోడ్డులో, దాన్ని ఆనుకుని ఉన్న కెలంటన్ లేన్‌లో వరసగా హార్డ్‌వేర్ కొట్లుంటాయి. పైపు రెంచీలు, క్లాంపులు, ఆకురాళ్ళు, గొలుసులు వాకిలి దాకా పరుచుకుని ఉంటాయి. ఆ పక్కనే సుంగై రోడ్డులో ఎనభై ఏళ్ళకు పైగా ఓ పాత సామాన్ల సంత నడిచింది. అరిగిన పానాలు, పాత రేడియోలు, గడియారాలు నేల మీద గుడ్డ పరిచి అమ్మేవారు. 2017 జూలై 10న దాన్ని మూసేశారు. మన ఎర్రగడ్డ ఆదివారం సంతను ఎరిగినవాళ్ళకు ఆ సంత ఎలా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. ఆ మూత నాకు బాధ కలిగించే విషయమే. మంచి ఉక్కుతో చేసిన పాత పానాను కొత్త నాసిరకం పానా కన్నా తక్కువ ధరకు కొనుక్కునే దారి ఒకటి అక్కడ మూసుకుపోయింది.

ఇక రెండో కొసన డైసో లాంటి దుకాణాలున్నాయి. ఈ జపాన్ సంస్థ 2002లో సింగపూర్‌లో తొలి దుకాణం తెరిచాక చాలా ఏళ్ళు లోపలున్న ప్రతి వస్తువునూ రెండు డాలర్లకే అమ్మింది. స్క్రూడ్రైవరైనా అంతే, చిన్న ప్లేయరైనా అంతే. ఆ ధరకు అమ్మే పనిముట్టు జీవితాంతం ఉంటుందని అక్కడ ఎవరూ అనుకోరు. అయినా కొంటారు. అలా కొనడం తెలివితక్కువ పనేమీ కాదు.

ఎందుకు కాదో తెలియాలంటే కొనేవాళ్ళెవరో చూడాలి. సింగపూర్‌లో స్థిరపడ్డవాళ్ళలో పది మందిలో దాదాపు ఎనిమిది మంది ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే ఉంటారు. అల్మారా తలుపు కీలు వదులైందనో, కుళాయి కారుతోందనో మనిషిని పిలిస్తే అతను గడప తొక్కినందుకే కొన్ని పదుల డాలర్లు సమర్పించుకోవాలి. అందుకని చిన్నాచితకా పనులు ఇంటివాళ్ళే చేసుకుంటారు. ఏడాదికి రెండు మూడుసార్లు కీలు బిగించడానికి రెండు డాలర్ల స్క్రూడ్రైవర్ చాలు. అది వంగేలోపు పని అయిపోతుంది. మరీ చేతకాకపోతే నేర్పేవాళ్ళూ ఉన్నారు. సస్టైనబుల్ లివింగ్ ల్యాబ్ అనే సంస్థ 2014లో మొదలుపెట్టిన రిపేర్ కోపిటియామ్‌లో పాడైన ఫ్యానో మిక్సీయో పట్టుకెళ్తే వలంటీర్లు పక్కన కూర్చుని, మీ చేతే విప్పించి, మీ చేతే బాగు చేయిస్తారు. మంచి పనిముట్టును చేత్తో పట్టుకుని తేడా తెలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఇప్పుడు మన ఊళ్ళకు రండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో పనిముట్ల కొట్టు ముందు కాసేపు నిలబడి వచ్చేపోయేవాళ్ళను గమనించండి. ఇంటి యజమానులు తక్కువ. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, మెకానిక్కులు, వాళ్ళ దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళే ఎక్కువ. మన దగ్గర మనిషి పని ఇంకా చౌక కాబట్టి, కీలు వదులైతే ఇంటాయన స్క్రూడ్రైవర్ కొనడు, వడ్రంగికి ఫోన్ చేస్తాడు. అందువల్ల అక్కడ ఏడాదికి మూడుసార్లు తిరిగే ఆ చౌక పనిముట్టే ఇక్కడ పూటకు నలభైసార్లు తిరిగే చేతిలోకి వెళ్తోంది. వస్తువు ఒకటే, ధరా ఇంచుమించు ఒకటే. అక్కడ సరైన కొనుగోలు ఇక్కడ నష్టం అవుతోంది. దిగుమతి సరుకు కొనాలా వద్దా అని మనం చేసే వాదనల్లో ఈ ముక్క ఎక్కడా వినిపించదు.

నష్టం ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. ఎనిమిది మిల్లీమీటర్ల బోల్టు తల సాధారణంగా పదమూడు మిల్లీమీటర్లుంటుంది. దాన్ని పట్టే పానా నోరు అంతకన్నా వెంట్రుకవాసి పెద్దది కావాలి, లేకపోతే ఎక్కదు. ఆ వెంట్రుకవాసి ఎంతవరకు ఉండొచ్చో అంతర్జాతీయ ప్రమాణాల్లో రాసి ఉంది. మన భారతీయ ప్రమాణాల్లోనూ తెరిచిన నోటి పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029 ఉన్నాయి. నోరు ఆ హద్దు దాటి వదులైతే పానా బోల్టు తల పలకలను పట్టదు, మూలలను మాత్రమే పట్టుకుంటుంది. బలమంతా రెండు మూలల మీద పడుతుంది. ఉక్కు మెత్తదైతే బలం పట్టే కొద్దీ నోరు మరికాస్త తెరుచుకుంటుంది. ఒక్కసారి జారిందా, మూలలు గుండ్రమవుతాయి. ఇక ఆ బోల్టుకు ఎంత మంచి పానా తెచ్చినా పట్టు దొరకదు. ఉలితో కొట్టి తిప్పాలి, లేదా దాని తల మీద మరో నట్టు వెల్డింగ్ చేసి విప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ పని చేసే ఎవరినడిగినా దానికి ఎంత సమయం పడుతుందో, పక్కన ఎన్ని భాగాలు పాడవుతాయో చెబుతారు. యాభై రూపాయలు ఆదా చేసిన పానా ఒక మధ్యాహ్నం కూలిని మింగేస్తుంది. పానా ఖరీదును దాని ధరతో లెక్కకడితే సగం లెక్కే కట్టినట్టు. అది పాడుచేయగల బోల్టు ధర కూడా కలిపితేనే లెక్క పూర్తవుతుంది.

స్టార్ స్క్రూడ్రైవర్ కథా ఇదే. మొన మెత్తదైతే స్క్రూ గాడిలోంచి పైకి ఎగదన్నుకుని వస్తుంది. వస్తూ వస్తూ గాడిని కోసుకుని వస్తుంది. ఇక్కడ ఇంకో తిరకాసుంది. జపాన్ బైకుల మీద, అక్కణ్ణుంచి వచ్చే పాత యంత్రాల మీద ఉండే స్టార్ స్క్రూల గాడి మామూలు ఫిలిప్స్ గాడి లాంటిదే అనిపిస్తుంది గానీ కొలత కొద్దిగా వేరు. వాటికి జపాన్ ప్రమాణపు స్క్రూడ్రైవర్ విడిగా ఉంటుంది. బైకు కార్బొరేటర్ స్క్రూలు అరిగిపోతుంటే చాలామంది స్క్రూను తిడతారు. తప్పు స్క్రూది కాదు, ఒక్కోసారి స్క్రూడ్రైవర్ ఉక్కుదీ కాదు. జత కుదరకపోవడమే.

పానా మీద క్రోమ్ వెనేడియం అని అచ్చు కొట్టి ఉంటే మంచి ఉక్కేనని నమ్ముతాం. అచ్చు ఎవరైనా కొట్టుకోవచ్చు. ఉక్కు ఏదన్నది ఎంత ముఖ్యమో, దాన్ని ఎర్రగా కాల్చి ఎంత వేగంగా చల్లార్చారు, మళ్ళీ ఎంత వేడి చేసి నిలకడ తెచ్చారు అన్నదీ అంతే ముఖ్యం. పదును చాలకపోతే నోరు సాగుతుంది. పదును మరీ ఎక్కువైతే గాజులా పెళుసై విరుగుతుంది. ఈ పదును కంటికి కనపడదు. కనపడని ఆ పని దగ్గరే చౌక తయారీదారు ఖర్చు తగ్గించుకుంటాడు. పైన పూత మెరుపులో మాత్రం తగ్గించడు, ఎందుకంటే అది కనపడుతుంది. సింగపూర్ గాలిలో ఏడాది పొడవునా సగటున ఎనభై శాతానికి పైగా తేమ ఉంటుంది. మన విశాఖ, కాకినాడ తీరాల్లోనూ ఆ బాధ తక్కువేమీ కాదు. అలాంటి గాలిలో పలచటి పూత మొదటి వానాకాలానికే పొరలు పొరలుగా లేచిపోతుంది. నల్లటి పూత ఉన్న పనిముట్లయితే తుడిచి నూనె రాసిన గుడ్డలో చుట్టి పెట్టుకోవాల్సిందే.

కంటికి కనపడనిది పరీక్షించలేకపోయినా, కనపడేవాటిని కొట్లోనే చూసుకోవచ్చు. జలాన్ బెసార్‌లో అయినా రాణిగంజ్‌లో అయినా కొట్టువాళ్ళు దీనికి అడ్డు చెప్పరు. కటింగ్ ప్లేయర్ నోరు మూసి దీపానికి ఎదురుగా పట్టుకోండి. కత్తిరించే అంచుల మధ్య వెలుతురు కనపడకూడదు. ఒక పలచటి కాగితం ముక్కను మొనతోనూ మొదలుతోనూ కత్తిరించి చూడండి. తెగితే సరే, నలిగి మడతపడితే పక్కన పెట్టేయండి. పిడులు పట్టుకుని అటూఇటూ ఊపితే కీలు దగ్గర కదలిక ఉండకూడదు. సర్దుబాటు పానా నోటిని సగం తెరిచి కదిలే దవడను బొటనవేలితో ఊపండి. ఆ ఊగులాటే రేపు బోల్టు మూలను తినేది.

రసమట్టం పరీక్ష ఇంకా తేలిక. బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడ నిలిచిందో గుర్తుపెట్టుకుని, రసమట్టాన్ని ఈ చివర ఆ చివరకు వచ్చేలా తిప్పి అదే చోట పెట్టండి. బుడగ అదే చోట నిలవాలి. బల్ల వాలుగా ఉన్నా ఫరవాలేదు, ఈ పరీక్ష పనిచేస్తుంది. మూలమట్టానికి కూడా ఇలాంటి పద్ధతే. చెక్క అంచుకు ఆనించి గీత గీసి, మట్టాన్ని బోర్లా తిప్పి అదే బిందువు నుంచి మరో గీత గీస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడాలి. ఇక టేపు. దాని చివరి కొక్కెం కొద్దిగా కదులుతుంటే నాసిరకమని పక్కన పెట్టేసేవాళ్ళున్నారు. అది కావాలని చేసిన ఏర్పాటు. లోపలి నుంచి కొలిచినప్పుడు కొక్కెం మందం కలవాలి, బయటి అంచుకు తగిలించినప్పుడు తీసెయ్యాలి. అందుకే ఆ మందం మేర కదిలేలా రివెట్ కొడతారు. అసలు చూడాల్సింది టేపు మీద చిన్న గుండ్రంలో ఉండే రోమన్ అంకెను. రెండో తరగతి టేపు అయిదు మీటర్ల పొడవు మీద 1.3 మిల్లీమీటర్లకు మించి తప్పకూడదు. మూడో తరగతిదైతే 2.6 దాకా తప్పొచ్చు. ఏ అంకే లేని టేపు ఎంత తప్పినా అడిగే దిక్కు లేదు. కిటికీ తెరకు ఆ టేపు చాలు. తలుపు చట్రానికి పనికిరాదు.

కరెంటు పనికి వాడేవాటి విషయంలో నాకు ఏ సర్దుబాటూ లేదు. ప్లేయర్ పిడికి ఎర్రటి ప్లాస్టిక్ తొడుగుంటే షాక్ కొట్టదని మన దగ్గర ఎంతోమంది నమ్ముతారు. ఆ తొడుగుల్లో చాలావరకు చేతికి మెత్తగా ఉండటానికి వేసినవే. నిజంగా ఇన్సులేషన్ ఉన్న పనిముట్టు మీద ఐఈసీ 60900 అన్న ప్రమాణం, రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల అంకె అచ్చు వేసి ఉంటాయి. అది లేని తొడుగును నమ్మి 230 వోల్టుల తీగను ముట్టుకోవద్దు. సింగపూర్‌లోనూ ఇంట్లో వచ్చేది 230 వోల్టులే. కాకపోతే అక్కడ వైరింగ్ పని లైసెన్సు ఉన్నవాళ్ళే చేయాలని చట్టం చెబుతోంది. మన దగ్గర పదహారేళ్ళ కుర్రాడు మేస్త్రి ఇచ్చిన టెస్టర్ పట్టుకుని నిచ్చెన ఎక్కుతాడు.

గ్రైండర్‌కు వేసే కోత చక్రాలు చేతి పనిముట్ల లెక్కలోకి రావు గానీ ఒక మాట చెప్పకుండా దాటలేను. వాటి మధ్యలో ఉండే లోహపు వలయం మీద గడువు తేదీ అచ్చు వేసి ఉంటుంది. తయారైన నాటి నుంచి మూడేళ్ళే దాని ఆయుష్షు. ఆ తర్వాత, ముఖ్యంగా తేమ గాలిలో, చక్రాన్ని పట్టి ఉంచే జిగురు బలహీనపడుతుంది. తిరుగుతూ తిరుగుతూ పగిలితే ముక్కలు ముఖం మీదికే వస్తాయి. తేదీ లేని చక్రాన్ని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు.

విరిగితే ఎవరిని అడగాలన్న రెండో ప్రశ్నకు మన పల్లెల్లో ఒకప్పుడు జవాబు తేలిక. ఉలి, బాడిస, గొడ్డలి, కొడవలి అన్నీ ఊరి కమ్మరి చేసినవే. పదును నిలవకపోతే మర్నాడు పొద్దున్నే కొలిమి దగ్గరికి వెళ్ళి అతని ముందు పడేసేవాళ్ళు. పంట చేతికొచ్చినప్పుడు మేర కొలిచి ఇచ్చే రైతుకు జవాబు చెప్పకుండా కమ్మరి తప్పించుకోలేడు. చేసినవాడూ వాడేవాడూ ఒకే ఊళ్ళో ఉన్నంతకాలం అది నడిచింది. చేసినవాడు సముద్రం అవతల ఉన్నప్పుడు ఆ జవాబుదారీని ఎవరో ఒకరి మీద పెట్టాలి. సింగపూర్ దాన్ని అమ్మినవాడి మీద పెట్టింది.

2012 సెప్టెంబరు 1 నుంచి అక్కడ లెమన్ లా అమల్లో ఉంది. వస్తువు చేతికందిన ఆరు నెలల లోపు లోపం బయటపడితే, అమ్మిన రోజు నుంచే ఆ లోపం ఉన్నట్టు చట్టం భావిస్తుంది. లేదని నిరూపించుకోవాల్సింది అమ్మినవాడే. ముందు బాగు చేసివ్వాలి లేదా మార్చివ్వాలి. అది కుదరకపోతే ధర తగ్గించాలి, లేదా డబ్బు వెనక్కివ్వాలి. కొట్లో కొన్న వాడిన వస్తువులకూ ఇది వర్తిస్తుంది, వాటి వయసును లెక్కలోకి తీసుకుంటారు. మామూలు అరుగుదలకూ, మన చేజేతులా పాడుచేసుకున్నదానికీ వర్తించదు. వివాదం ముదిరితే స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్ ఉంది. 20 వేల డాలర్ల దాకా, ఇద్దరూ ఒప్పుకుంటే 30 వేల దాకా వింటారు. వకీళ్ళకు ప్రవేశం లేదు. 5 వేల డాలర్ల లోపు ఫిర్యాదుకు వినియోగదారుడు కట్టాల్సిన రుసుము పది డాలర్లు.

అయిదు డాలర్ల ప్లేయర్ కోసం ఎవరూ ట్రిబ్యునల్ మెట్లెక్కరు, నిజమే. అయినా చట్టం అక్కడుందని కొట్టువాడికి తెలుసు. విరిగిన ప్లేయర్‌ను బిల్లుతో తెచ్చి బల్ల మీద పెడితే గొడవ పడేకన్నా మరొకటి ఇచ్చి పంపడమే అతనికి లాభం. పైగా ఆ చట్టాల్లో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. వస్తువు నాణ్యత తృప్తికరమా కాదా అని తూచేటప్పుడు దాని ధరను కూడా లెక్కలోకి తీసుకోవాలంటారు. రెండు డాలర్ల స్క్రూడ్రైవర్ ఇరవై డాలర్లదానిలా పనిచేయాలని ఎవరూ అడగరు. కానీ దాన్ని స్క్రూడ్రైవర్ అని అమ్మినప్పుడు స్క్రూను తిప్పగలగాలి. చౌకకూ మోసానికీ మధ్య గీత సరిగ్గా అక్కడ పడుతుంది.

మన దగ్గర చట్టం లేదనలేం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. లోపమున్న వస్తువు వల్ల దెబ్బ తగిలితే తయారీదారునీ అమ్మకందారునీ బాధ్యులను చేసే అధ్యాయం అందులో ఉంది. జిల్లా కమిషన్‌లో 5 లక్షల రూపాయల లోపు విలువకు రుసుము లేదు. 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. దిగుమతి చేసిన ప్యాకెట్ మీద ఏ దేశానిదో, తెప్పించిందెవరో, వాళ్ళ చిరునామా ఏమిటో అచ్చు వేయాలన్న నియమమూ ఉంది. అయితే ఆ ఆరు నెలల నియమం మన చట్టంలో లేదు. ఆన్‌లైన్‌లో కొంటే వారం పది రోజుల్లో తిప్పి పంపే గడువు ముగుస్తుంది. ప్లేయర్ కీలు వదులయ్యేది ఆ తర్వాతే. ఇక కుప్ప పోసి అమ్మే సరుకుకు ప్యాకెట్టే ఉండదు, దాని మీద చిరునామా ఎక్కణ్ణుంచి వస్తుంది? బిల్లు అడిగితే జీఎస్టీ కలుస్తుందంటారు, మనం వద్దంటాం. ఆ పన్ను మిగుల్చుకుని, అడిగే హక్కును కొట్లోనే వదిలేసి వస్తున్నాం. దిగుమతిదారు చిరునామా ఉన్న ప్యాకెట్టు, చేతిలో బిల్లు ఉంటే చైనా పనిముట్టును నేను సందేహించను. ఆ రెండూ లేకపోతే పేరున్న దేశీ బ్రాండు అచ్చు ఉన్నా నమ్మను. సంతలో ఆ అచ్చుకూ నకిలీలున్నాయి.

సింగపూర్‌లో పనిముట్టు వాడే మరో తెలుగువాడి సంగతి కూడా చెప్పాలి. షిప్‌యార్డుల్లో, నిర్మాణ స్థలాల్లో మనవాళ్ళు చాలామంది పనిచేస్తున్నారు. వాళ్ళు పానా కొనుక్కోరు. పొద్దున స్టోరులో సంతకం పెట్టి తీసుకుంటారు, సాయంత్రం అప్పగిస్తారు. పిడి వదులైన సుత్తి, తల పుట్టగొడుగులా విచ్చుకున్న ఉలి తిరిగి పనిలోకి వెళ్ళకుండా పక్కన పెట్టాల్సింది యజమాని. 2006 నాటి వర్క్‌ప్లేస్ సేఫ్టీ అండ్ హెల్త్ చట్టం ఆ భారాన్ని అతని మీద పెట్టింది. పనిముట్టు విరిగి పని ఆగితే నష్టం కంపెనీదే కాబట్టి ఏది కొనాలన్న లెక్క కూడా కంపెనీయే వేసుకుంటుంది. ఆ లెక్కలో మరీ చౌక సరుకు నెగ్గడం కష్టం.

అదే మనిషి సెలవుకు ఊరొచ్చి ఓ ఇంటి వైరింగ్ పని ఒప్పుకున్నాడనుకోండి, పనిముట్టు ఖర్చు అతనిది, అది విరిగితే నష్టం అతనిది, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చూ అతనిదే. రాణిగంజ్ కొట్లో పొద్దున తొమ్మిదింటికి వినపడే మాట ఇది: "సేట్, గా వంద రూపాలదే ఇయ్యి. మంచిది మళ్ల తీస్కుంట." ఆ మళ్ల ఎప్పటికీ రాదు, ఎందుకంటే వంద రూపాయలది నెలకోటి చొప్పున కొంటూనే ఉంటాడు. అతనికి లెక్క రాదని నేను అనను. ఆ పొద్దున జేబులో ఉన్నది అంతే. చౌక సరుకు కొనొద్దని అతనికి ఉపన్యాసం ఇచ్చే హక్కు మనకు లేదు. ఇంటి పని చేయించుకునే మనం ఆ పూట రెండు మూడొందలు ముందుగా ఇస్తే మంచి ప్లేయర్‌తో వస్తాడు. మన స్విచ్‌బోర్డు స్క్రూలు కూడా చెక్కుచెదరకుండా ఉంటాయి.

నలభై ముక్కలు, అరవై ముక్కలు ఒకే పెట్టెలో పెట్టి అమ్మే సెట్లను చూసి చాలామంది ఆశపడతారు. ఇంట్లో వాడకానికైతే కొనుక్కోవచ్చు, సింగపూర్ ఇంటాయన కొన్నట్టే. పనిచేసి బతికేవాడు మాత్రం వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు. అందులో రోజూ చేతికొచ్చేవి ఆరో ఏడో. ఆ డబ్బుతోనే ఆ ఆరింటిలో మూడు మంచివి విడిగా వస్తాయి. స్వీడన్ సంస్థ సాంకేతిక సహకారంతో 1960ల చివర్లో నాసిక్‌లో తయారీ మొదలుపెట్టిన తపారియా లాంటి దేశీ పేర్లు కొన్ని వందల రూపాయల్లోనే అందుబాటులో ఉన్నాయి. ఎర్రగడ్డ సంతలో పాత పానాలున్నాయి. నోరు సాగకుండా, పగుళ్ళు లేకుండా, అచ్చు అక్షరాలు ఇంకా పదునుగా ఉన్న పాత పానా దొరికితే బేరమాడి మరీ తీసుకోవాలి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో వడ్రంగి, కమ్మరి, తాపీమేస్త్రి సహా 18 వృత్తులవాళ్ళకు పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా ఈ-వోచర్ ఇస్తున్నారు. పెట్టె నిండా ముక్కలు కనపడాలని ఆ డబ్బును పంచి ఖర్చుపెట్టడం ఎంత తేలికో నాకు తెలుసు. నన్నడిగితే వడ్రంగికి చెప్పేది ఇదే. ఉలులు, రంపం, చిత్రిక బ్లేడు, మూలమట్టం అనే నాలుగింటికీ అందులో పెద్ద వాటా పెట్టాలి. కోసేదీ కొలిచేదీ చౌకవి కాకూడదు. అంటించిన చెక్కలను బిగించే క్లాంపులు, బ్రష్షులు, గరుకు కాగితం పట్టే చట్రం, సామాను సంచి ఏ దేశానివైనా, ఎంత తక్కువకు దొరికినా ఫరవాలేదు. బిల్లు తీసుకోవాలి, మూలమట్టాన్ని కొట్లోనే ఒకసారి తిప్పి గీత గీసి చూసుకోవాలి.